ఘోఘా–దహేజ్ ఓడ: జనం కదిలి వచ్చారు, ఒండ్రు అడ్డుపడింది

నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి సఖినేటిపల్లి చేరినవారికి, మనుషులూ మోటారు సైకిళ్లూ కార్లూ ఒకే పడవ మీద ఏరు దాటడం కొత్త సంగతి కాదు. అదే పనిని ఏరు మీద కాకుండా సముద్రం మీద, పెద్ద ఓడతో, సరుకు నింపిన లారీలతో సహా చేయాలని గుజరాత్ తలపెట్టింది. 2018 అక్టోబరు 27న, దీపావళి ఇంకా కొద్దిరోజులు ఉందనగా, 'వాయేజ్ సింఫనీ' అనే ఓడ భావ్‌నగర్ జిల్లా ఘోఘాకూ భరూచ్ జిల్లా దహేజ్‌కూ మధ్య వాహనాలను చేరవేయడం మొదలుపెట్టింది. ఏడాది తిరగకముందే, 2019 సెప్టెంబరులో, ఆ సేవ ఆగిపోయింది. జనం రాకపోవడం వల్ల ఆగిపోలేదు. దహేజ్ రేవులో ఓడ తేలడానికి చాలినంత నీరు లేక ఆగిపోయింది. 2012లో వేసిన శంకుస్థాపన దగ్గరే మొదలుపెడితే ఈ కథ సగమే అర్థమవుతుంది కాబట్టి, ఇంకా చాలా వెనక్కి వెళ్లక తప్పదు.

గుజరాత్ పటంలో సౌరాష్ట్రకూ దక్షిణ గుజరాత్‌కూ నడుమ గరాటులా లోపలికి చొచ్చుకువచ్చిన సముద్రమే ఖంభాత్ సింధుశాఖ. ఘోఘా, దహేజ్ దాని రెండు ఒడ్డుల మీద ఎదురెదురుగా ఉన్నాయి. నీటి మీద వాటి మధ్య దూరం 31 కిలోమీటర్లే. రోడ్డు మీద మాత్రం ఆ గరాటు కొసను చుట్టి రావాలి. దహేజ్ నుంచి భరూచ్, వడోదర మీదుగా తారాపుర్, వటామన్ దాటి భావ్‌నగర్ చేరేసరికి 300 కిలోమీటర్లకు పైగా అవుతుంది, దాదాపు పగలంతా దారిలోనే గడిచిపోతుంది. ఈ దారి పట్టేవారి సంఖ్య కూడా తక్కువ కాదు. సూరత్ వజ్రాల కార్ఖానాల్లో సానపట్టే పనివారిలో చాలామంది భావ్‌నగర్, అమ్రేలీ జిల్లాల పల్లెల నుంచి వచ్చినవారు. దీపావళికి కార్ఖానాలు మూతపడగానే కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లే సర్దుకుని సౌరాష్ట్ర దారి పడతాయి, సెలవులు ముగిశాక తిరిగి వస్తాయి. పెళ్లిళ్లు, చావులు, పొలం పనులు, కోర్టు వాయిదాలు ఏటా ఆ చుట్టుదారిలో లెక్కలేనన్ని ప్రయాణాలు చేయిస్తూనే ఉంటాయి. కొత్త ఓడ మీద జనం చూపిన ఉత్సాహాన్ని వింత చూడబోయినవారి సరదాగా కొట్టిపారేయడం నా దృష్టిలో అన్యాయం. ఒక్కో కుటుంబానికి అది ప్రయాణంలో నష్టపోతున్న ఒక పూటను తిరిగి దక్కించుకునే దారి.

ఈ దాటు కొత్తది కూడా కాదు. ఢిల్లీ సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్ చైనా చక్రవర్తికి పంపిన కానుకలను వెంటబెట్టుకుని 1342లో బయలుదేరిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, దహేజ్‌కు ఉత్తరాన ఉన్న గాంధార్ రేవులోనే ఓడ ఎక్కాడు. ఆయన ఎక్కిన ఓడలో డెబ్బై గుర్రాలను కూడా ఎక్కించారు. వాహనాలను మోసే ఓడ అన్న ఊహకు పద్నాలుగో శతాబ్దపు రూపం ఇదే అనుకోవచ్చు. ఆ ఓడ పీరమ్ దీవి మీదుగా ఘోఘాకు వచ్చింది. వచ్చింది గానీ ఒడ్డుకు చేరలేదు. పాటు సమయం కావడంతో నీరు వెనక్కి తగ్గింది, ఓడ తీరానికి నాలుగు మైళ్ల దూరంలోనే లంగరు వేసింది. చిన్న పడవలోకి దిగి ఊరి వైపు బయలుదేరిన యాత్రికుడి పడవ ఇంకో మైలు ఉందనగా బురదలో కూరుకుపోయింది. అక్కడి నుంచి ఇద్దరు తోడు మనుషుల మీద ఆనుకుని బురదలో నడిచాడు. ఊరు చేరేలోపు పోటు తిరిగి వస్తే ప్రాణానికే ముప్పని అక్కడివారు హెచ్చరించారనీ, తనకు ఈత సరిగా రాదనీ ఆయనే రాసుకున్నాడు. ఈ ప్రాజెక్టుకు రూపకల్పన చేసినవారు మొదట చదవవలసిన సాక్ష్యం ఇదేనని నాకనిపిస్తుంది.

పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం ఇంతగా మారే చోటు మన దేశంలో మరొకటి లేదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో భావ్‌నగర్ దగ్గర ఆ తేడా పది మీటర్లు మించుతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు నీరు రోజుకు రెండుసార్లు వచ్చి, రెండుసార్లు పోతుంది. మన కాకినాడ, మచిలీపట్నం తీరాల్లో ఆ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు కాబట్టి దీన్ని ఊహించుకోవడం మనకు కష్టమే. విశాలమైన అరేబియా సముద్రం నుంచి వచ్చిన పోటు ఇరుకవుతున్న గరాటులోకి తోసుకువస్తుంది, వెడల్పు తగ్గేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. పాటు సమయంలో ఘోఘా ఒడ్డున నిలబడితే, కొన్ని గంటల క్రితం అలలు కొట్టిన చోట కనుచూపు మేర బూడిదరంగు బురద మేట, దాని మీద పక్కకు ఒరిగిన చేపల పడవలు కనిపిస్తాయి. నీరు తిరిగి వచ్చేదాకా వాటిని ఎవరూ కదపలేరు.

ఈ నీటిని లొంగదీయడం అక్కడివారికి తెలియని విద్య కాదు. పాటు సమయంలో కూడా ఓడలు తేలుతూ ఉండేందుకు భావ్‌నగర్ ఓడరేవులో నీటిని లోపలే ఆపే లాక్ గేటు కట్టుకున్నారు. ఘోఘాకు దక్షిణాన ఉన్న అలంగ్‌లో 1983 నుంచి సాగుతున్న ఓడల విడగొట్టుడు పరిశ్రమ ఈ పోటు మీదే బతుకుతోంది. పెద్ద పోటు రోజున కాలం చెల్లిన ఓడను ఒడ్డు మీదకు ఎక్కిస్తారు, నీరు తగ్గాక అది ఇసుక మీద నిలిచిపోతుంది. ఓడ శాశ్వతంగా నిలిచిపోవాలంటే అంతకంటే అనువైన తీరం లేదు. రోజుకు నాలుగు సార్లు సమయానికి వచ్చి పోవలసిన ఓడకు మాత్రం అదే తీరం అన్నిటికంటే కష్టమైనది.

పోటుపాట్లకు తోడు ఒండ్రు ఉంది. సబర్మతి, మహి, నర్మద, తాపి, ఈ నాలుగు నదులూ తమ మట్టిని ఈ సింధుశాఖలోనే దించుతాయి. దాన్ని అడుగున స్థిరపడనివ్వకుండా ప్రవాహం రోజుకు నాలుగుసార్లు కలచి అటూ ఇటూ మోస్తూ ఉంటుంది. సింధుశాఖ కొసన ఉన్న ఖంభాత్ నగరం ఒకప్పుడు అరేబియా, ఆఫ్రికా తీరాల దాకా బట్టలూ అగేట్ రాతి పూసలూ పంపిన మహారేవు. పూడిక పేరుకుపోయి పెద్ద ఓడలు దాని దాకా రాలేని స్థితి వచ్చినప్పుడు అవి ఘోఘా, గాంధార్‌ల దగ్గర ఆగి, సరుకును చిన్న పడవల్లోకి మార్చేవి. ఘోఘా పేరు ఎంతగా మోగిందంటే, తగిన జోడీ గురించి చెప్పేటప్పుడు 'లంక పెళ్లికూతురు, ఘోఘా పెళ్లికొడుకు' అన్న సామెత గుజరాతీలో నిలిచిపోయింది. 1723లో భావ్‌నగర్ పట్టణం వెలిసిన తరువాత వ్యాపారం అటు మళ్లింది, ఘోఘా క్రమంగా చేపల పల్లె స్థాయికి దిగింది. ఈ సింధుశాఖలో ఏ రేవు చరిత్ర తిరగేసినా లోతు కోసం ఒకచోటి నుంచి మరోచోటికి జరిగిన వలసలే కనిపిస్తాయి.

ఇటువంటి చోట వాహనాల ఓడకు 2012 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. పనిని రాష్ట్ర ఓడరేవుల వ్యవహారాలు చూసే గుజరాత్ మారిటైమ్ బోర్డు చేపట్టింది. ఓడ నిలిచే ఎత్తు గంటగంటకూ మారిపోయేచోట స్థిరమైన జెట్టీ కడితే లారీ ఎక్కలేదు, దిగలేదు. అందుకని 'లింక్‌స్పాన్' అనే ఏర్పాటును ఎంచుకున్నారు. ఒక కొస ఒడ్డుకు కీళ్లతో బిగించిన ఉక్కు వంతెన, మరో కొస నీటిలో తేలే పాంటూన్ మీద ఆనుతుంది. పోటు వచ్చినప్పుడు పాంటూన్ పైకి లేచి వంతెన దాదాపు సమతలంగా నిలుస్తుంది, పాటు సమయంలో కిందికి వాలుతుంది. బరువైన లారీలను మోస్తూ పది మీటర్ల ఆటుపోటుకు తగ్గట్టు కదిలే వంతెనను, సెకనుకు మూడు మీటర్ల దాకా వేగం అందుకునే ప్రవాహంలో నిలబెట్టడం చిన్న పని కాదు. నిర్మాణానికి అయిదున్నర ఏళ్లకు పైగా పట్టిందంటే అందులో సముద్రం వంతు చాలా ఉంది. 600 కోట్ల రూపాయలు దాటిన ఈ పథకంలో పూడికతీతకే, ఓడరేవుల అభివృద్ధి కోసం ఉద్దేశించిన సాగరమాల కార్యక్రమం కింద కేంద్రం 117 కోట్లు ఇచ్చింది.

2017 అక్టోబరు 22న, గుజరాత్ శాసనసభ ఎన్నికల షెడ్యూలు వెలువడడానికి మూడు రోజుల ముందు, ప్రధానమంత్రి హోదాలో మోదీ ఈ సేవను ప్రారంభించి, దాదాపు వందమంది దివ్యాంగ బాలలతో కలిసి ఘోఘా నుంచి దహేజ్‌కు ఓడలో దాటారు. అయితే ఆ రోజు మొదలైనది మనుషులను మాత్రమే ఎక్కించుకునే సేవ. అసలు ప్రయోజనమైన వాహనాల చేరవేతకు మరో ఏడాది పట్టింది. ఈ తేడా చిన్నది కాదు. ఘోఘాలో దిగినవారికి భావ్‌నగర్ ఇంకా 20 కిలోమీటర్ల దూరం, దహేజ్‌లో దిగినవారికి భరూచ్ దాదాపు 45 కిలోమీటర్లు. పిల్లలతో, సామాన్లతో దిగిన కుటుంబం అక్కడ మళ్లీ బస్సు కోసమో ఆటో కోసమో ఎదురుచూస్తే, నీటి మీద మిగుల్చుకున్న సమయం నేల మీద ఖర్చయిపోతుంది. సొంత బండితో ఓడెక్కి అదే బండితో దిగిపోగలిగినప్పుడే ఈ దారికి అర్థం ఉంటుంది.

ఆ అర్థం 2018 అక్టోబరులో వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి విజయ్ రూపాణీ ప్రారంభించిన వాయేజ్ సింఫనీ కింది డెక్‌లో లారీలను, పై డెక్‌లో కార్లను ఎక్కించుకుని, వందలాది ప్రయాణికులతో సింధుశాఖ దాటసాగింది. అంతలోనే ఎదురుదెబ్బ తగిలింది. నెల తిరగకుండానే, నవంబరులో, నాలుగు వందలకు పైగా మనుషులు, వారి వాహనాలు ఉన్న ఓడ యంత్రంలో లోపం తలెత్తి నీటి మధ్యలో ఆగిపోయింది. టగ్ పడవల సాయంతో దాన్ని రేవుకు చేర్చవలసి వచ్చింది. యంత్రం మరమ్మతు చేసుకుంటే బాగుపడుతుంది. కొత్త సేవ ఏదైనా ఇటువంటి చికాకులు పడుతూనే కుదురుకుంటుంది, జనం కూడా వాటిని ఓర్చుకుంటారు. ఆ సంఘటన తరువాత కూడా ప్రయాణికులు ఈ ఓడను విడిచిపెట్టకపోవడమే దానికి రుజువు.

బాగుపడనిది దహేజ్ రేవు. దహేజ్ ఉన్నది నర్మద సముద్రంలో కలిసే ముఖం దగ్గర. ఓడ ఒడ్డుకు వచ్చి తిరగడానికి అక్కడ సముద్రపు అడుగును తవ్వి లోతు చేశారు. ప్రవాహంలో తేలుతూ వచ్చే మట్టి, నీరు నెమ్మదించే చోట అడుగుకు దిగుతుంది. తవ్విన గుంటలో నీరు నెమ్మదిస్తుంది కాబట్టి ప్రతి పోటూ ఆ గుంటలో కొంత మట్టిని వదిలిపెట్టి వెళుతుంది. చేదబావిలో పూడిక తీసినట్టు ఒకసారి తీసి ఊరుకుంటే సరిపోదు, తీస్తూనే ఉండాలి. 2019 వానకాలంలో నర్మదకు భారీగా వరద వచ్చింది, ఆ సెప్టెంబరులోనే సర్దార్ సరోవర్ జలాశయం మొదటిసారి 138.68 మీటర్ల పూర్తి మట్టానికి నిండింది. వాయేజ్ సింఫనీకి సుమారు 5 మీటర్ల నీటి లోతు కావాలి. దహేజ్ దగ్గర మేటలు వేసి ఆ లోతు మిగలలేదు. లోతున్న కొద్ది గంటల్లోనే వచ్చి పోవాలంటే ట్రిప్పులు తగ్గిపోతాయి, వేళలు పోటును బట్టి రోజూ మారిపోతాయి, ఇంధనం ఖర్చూ సిబ్బంది జీతాలూ మాత్రం తగ్గవు. ఆ నెలాఖరుకు సేవ నిలిచిపోయింది.

ఇక్కడ పొరపాటు ఎవరిదన్న ప్రశ్న తప్పదు. ప్రకృతి మీదకు నెట్టేయడం నాకు సమ్మతం కాదు. ఈ సింధుశాఖలో ఒండ్రు ఉందన్న సంగతి ఏడు వందల ఏళ్లుగా తెలిసినదే. రెండు ఒడ్డుల మధ్య దూరం ఎక్కడ తక్కువో చూసి రేవులను ఎంచుకున్నారు గానీ, ఏడాది పొడవునా లోతు ఎక్కడ నిలుస్తుందన్న ప్రశ్నకు అంతే బరువు ఇచ్చినట్టు ఫలితం చూస్తే అనిపించదు. పూడికతీతను నిర్మాణంలో ఒక పద్దుగా లెక్కగట్టారు. నిజానికి అది ఓడ నడిచినన్నాళ్లూ వెంట ఉండే నిర్వహణ ఖర్చు. టికెట్ల రాబడితో ఒక ప్రైవేటు నిర్వాహకుడు మోయగలిగిన బరువు కాదది. రోడ్డు గుంటలు పూడ్చే ఖర్చును బస్సు ప్రయాణికుల దగ్గర వసూలు చేయనప్పుడు, నీటిదారి గుంట తీసే ఖర్చు ప్రభుత్వానిదేనన్న స్పష్టత మొదటి రోజే ఉండవలసింది.

చివరకు ఓడే మరో రేవును వెతుక్కుంది. 2020 నవంబరు 8న, ఆ ఏడాది దీపావళికి ఆరు రోజుల ముందు, సూరత్ పక్కన తాపి ముఖద్వారం వద్ద ఉన్న హజీరాలో కొత్త టెర్మినల్‌ను మోదీ దృశ్య మాధ్యమం ద్వారా ప్రారంభించారు. పెద్ద పరిశ్రమల ఓడల కోసం అప్పటికే లోతు కాపాడుతూ వస్తున్న చోటు కావడంతో, వంద మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు గల టెర్మినల్ సుమారు 25 కోట్లతో పూర్తయింది. నీటి దూరం మాత్రం పెరిగింది. ప్రభుత్వ లెక్క ప్రకారం ఘోఘా–హజీరా మధ్య 370 కిలోమీటర్ల రోడ్డు దూరం 90 కిలోమీటర్లకు, పది పన్నెండు గంటల సరుకు ప్రయాణం నాలుగు గంటలకు తగ్గాయి. అదే వాయేజ్ సింఫనీ, 30 లారీలు, 100 కార్లు, 500 మంది ప్రయాణికుల సామర్థ్యంతో ఈ దారిలో తిరగడం మొదలుపెట్టింది. వజ్రాల పనివారి ఊరైన సూరత్‌కే ఓడ నేరుగా వెళ్లడంతో, గంటలు పెరిగినా జనం దాన్ని ఆదరించారు.

ఈ మార్పు వల్ల మేలు జరగనివారు దహేజ్ వైపు ఉన్నారు. ఆ చుట్టుపక్కల రసాయన కర్మాగారాల్లో పనిచేసే సౌరాష్ట్ర మనిషి ఇప్పుడు హజీరాలో దిగితే, సూరత్, భరూచ్‌ల మీదుగా మళ్లీ వంద కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద ఉత్తరానికి వెళ్లాలి. 31 కిలోమీటర్ల దాటు ఎవరి కోసం తలపెట్టారో వారిలో అతనూ ఒకడు. నర్మద ముఖద్వారంలో లోతును ఎవరు, ఎవరి డబ్బుతో, ఎన్నాళ్లు కాపాడతారన్నది తేలేదాకా అతని ప్రయాణం పాత చుట్టుదారిలోనే సాగుతుంది.