"దేవుడు నాతో మాట్లాడాడు" అనే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మా సంఘంలో యూత్ మీటింగులు, కౌన్సెలింగ్ చూసుకుంటూ ఉంటాను, అక్కడ ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇదే, "బ్రదర్, ఇది దేవుడి స్వరమా, నా సొంత ఆలోచనా, ఎలా తెలుస్తుంది?" అలా అడిగేవాళ్ళ గురించి నాకు బెంగ లేదు. అడగకుండానే "ప్రభువు చెప్పాడు" అని డిసైడ్ అయిపోయి వచ్చేవాళ్ళతోనే కష్టం. అందుకే ఎక్కువగా కనపడే అపోహలు కొన్ని రాస్తున్నా.

అపోహ: దేవుడు మాట్లాడితే డౌటే ఉండదు, వెంటనే తెలిసిపోతుంది.

వాస్తవం: బైబిల్లో చిన్నపిల్లాడైన సమూయేలుని చూడండి. పడుకునేదే మందిరంలో, పైగా పేరు పెట్టి పిలిచిన పిలుపు, అయినా మూడుసార్లు లేచి యాజకుడు ఏలీ దగ్గరికే పరిగెత్తాడు. అది దేవుడి పిలుపని గుర్తుపట్టింది కళ్ళు మసకబారిన, సొంత కొడుకుల్నే అదుపులో పెట్టుకోలేకపోయిన ఆ ముసలాయన. వినపడటం వేరు, గుర్తుపట్టడం వేరు, ఆ రెండోదానికి పక్కన ఇంకో మనిషి కావాల్సొచ్చింది. ఒళ్ళు జలదరించడం, ఏడుపు రావడం కూడా గుర్తులు కావు, ఆరాధనలో కీబోర్డు మెల్లగా వాయిస్తుంటే నాకూ కళ్ళు చెమరుస్తాయి. సౌండ్ సిస్టమ్ ఆపేసి ఇంటికెళ్ళి అన్నం తిన్నాక కూడా ఆ మాట నిలబడిందా లేదా చూసుకోండి.

అపోహ: డిసెంబర్ 31 రాత్రి నాకొచ్చిన వాగ్దాన కార్డు ఈ సంవత్సరానికి దేవుడు నాకు పర్సనల్‌గా చెప్పిన మాట.

వాస్తవం: కార్డులు తీసుకోవద్దని అనట్లేదు, మా ఇంట్లో బీరువా తలుపుకీ ఒకటి అంటించి ఉంది. కానీ కార్డు మీద ఒక్క బైబిలు వచనమే పడుతుంది, దాని ముందూ వెనకా పట్టవు. అందరికీ ఇష్టమైన యిర్మీయా 29:11 తీసుకోండి, "సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు" అని ఉంటుంది కదా, అది బబులోనుకి చెరపట్టబడి వెళ్ళినవాళ్ళకి రాసిన ఉత్తరం. పైన 10వ వచనంలో డెబ్బై ఏళ్ళు పడుతుందని ఉంది, అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి ఊరి మొహం చూడలేరన్నమాట. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యండి అని కూడా అందులోనే ఉంది. 8వ వచనంలో అయితే మీ మధ్య ఉన్న ప్రవక్తల మాటలకి మోసపోవద్దని ఉంది, ఆ వచనం కార్డు మీద నేనెప్పుడూ చూడలేదు!

దాని ముందు అధ్యాయం కూడా చదవండి. హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ముందూ లేచి, యెహోవా పేరు చెప్పి, రెండేళ్ళలో అంతా తిరిగొచ్చేస్తుందని ప్రకటించాడు. జనానికి అది ఎంత ఇంపుగా ఉండి ఉంటుందో ఆలోచించండి. యిర్మీయా కూడా ముందు "ఆమేన్, అలాగే జరగాలి" అన్నాడు, హనన్యా తన మెడ మీది కాడి తీసి విరిచేస్తే మాట్లాడకుండా వెళ్ళిపోయాడు, తర్వాత దేవుడి వాక్కు వచ్చాకే తిరిగొచ్చి అది అబద్ధమని చెప్పాడు. అంత పెద్ద ప్రవక్తే స్పాట్‌లో జవాబివ్వకుండా ఆగితే మనకెందుకంత తొందర?

అపోహ: దారి తెరుచుకుంది, మనసులో సమాధానం ఉంది, ఇక దేవుడి చిత్తమే.

వాస్తవం: యోనా ప్రవక్త యొప్పే రేవుకి వెళ్ళేసరికి తర్షీషు ఓడ రెడీగా ఉంది, ఛార్జీ కట్టడానికి డబ్బులూ ఉన్నాయి, ఎక్కాక తుఫానులో కూడా గాఢనిద్ర పట్టింది. వెళ్తున్నది మాత్రం దేవుడి దగ్గర్నుంచి పారిపోతూ. అదే సిలువకి ముందు గెత్సేమనే తోటలో యేసుప్రభువు సరిగ్గా తండ్రి చిత్తంలో ఉండి కూడా వేదనపడ్డాడు. వీసా స్టాంపింగ్ అయిపోయింది కాబట్టి దేవుడే పంపిస్తున్నాడని తేల్చేసుకునేవాళ్ళకి ఈ రెండూ పక్కపక్కన చదివిస్తుంటాను.

అపోహ: దైవజనుడు ప్రవచనం చెప్తే ప్రశ్నించకూడదు, శాపం తగులుతుంది.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చెయ్యొద్దని చెప్పిన పౌలే ఆ వెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు, కొరింథీయులకైతే ఇద్దరు ముగ్గురు ప్రవక్తలు మాట్లాడితే మిగతావాళ్ళు వివేచించాలన్నాడు. 1 రాజులు 13లో ఒక ముసలి ప్రవక్త "దేవదూత చెప్పాడు" అని అబద్ధమాడితే, దేవుడు తనకి ముందే చెప్పిన మాట పక్కనపెట్టి నమ్మిన దైవజనుడు దారిలో సింహం చేతిలో చచ్చిపోయాడు.

పెళ్ళిళ్ళ విషయంలో ఇది మరీ ఘోరం. ఒకబ్బాయి వచ్చి "ప్రభువు ఈ సిస్టర్‌నే చూపించాడు" అంటాడు, ఆ అమ్మాయేమో కాదంటే దేవుడికి ఎదురుతిరిగినట్టేమో అని రాత్రుళ్ళు నిద్రలేకుండా ఏడుస్తుంటుంది. ఆ అబ్బాయికి నేను చెప్పేది ఒక్కటే, దేవుడు మరియకి గబ్రియేలు దూతతో చెప్పించాడు, యోసేపుకి విడిగా కలలో చెప్పాడు, కొర్నేలీకి చెప్పినప్పుడు పేతురుకీ చెప్పాడు, నీకు చెప్పినవాడికి ఆ అమ్మాయి అడ్రస్ తెలీదా? తనకి చెప్పేదాకా నువ్వు నోరు మూసుకుని ప్రార్థన చేసుకో తమ్ముడూ.

అపోహ: దేవుడు స్వస్థపరిచానన్నాడు, ఇక మందులు ఆపెయ్యొచ్చు.

వాస్తవం: ఆపొద్దు. స్వస్థత నిజమైతే టెస్టులో తెలుస్తుంది, షుగర్, బీపీ మాత్రలు ఆపాలో వద్దో డాక్టరుగారే చెప్తారు. ఇంకోటి, నిద్ర లేకుండా నిజంగానే చెవిలో గొంతులు వినపడుతూ, చచ్చిపో అనో ఎవరినైనా కొట్టు అనో చెప్తుంటే దాన్ని ఆత్మీయ అనుభవం అనుకుని దాచుకోవద్దు, ఉపవాస ప్రార్థనతో సరిపెట్టొద్దు. వెంటనే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఫ్రీ నంబరే. ప్రార్థన పక్కన చేస్తూనే ఉంటాం.

అపోహ: మనం సిన్సియర్‌గా అడిగితే చాలు.

వాస్తవం: యిర్మీయా 42లో జనమంతా యిర్మీయా దగ్గరికి వచ్చి, దేవుడు ఏది చెప్తే అది చేస్తాం, మేలైనా కీడైనా సరే, అని ఒట్టు పెట్టుకుని మరీ అడిగారు. పది రోజుల తర్వాత జవాబొచ్చింది, ఐగుప్తుకి వెళ్ళొద్దని. వెంటనే "నువ్వు అబద్ధం చెప్తున్నావు" అన్నారు. అసలు సంగతి ముందు అధ్యాయం చివర్లో ఉంది, అడగడానికి ముందే ఐగుప్తుకని బయల్దేరి బేత్లెహేము దగ్గర దిగి ఉన్నారు వాళ్ళు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో కూడా చాలామంది టికెట్ బుక్ చేసుకునే వస్తారు. అందుకే ఉద్యోగం, పెళ్ళి, స్థలం, ఏదైనా సరే, ప్రార్థనకి ముందు నేను అడిగేది, "వద్దని వస్తే ఆగిపోతావా?" అని. "లేదు" అంటే ఆ రోజుకి ఉద్యోగం సంగతి పక్కనపెట్టి, ఆ "లేదు" గురించే ప్రార్థన చేస్తాం.