ఉపాధ్యక్షుడి చేతికి హఠాత్తుగా పగ్గాలొస్తే: అపోహలు - వాస్తవాలు

అమెరికా అధ్యక్షుడు మధ్యలోనే చనిపోయినా, రాజీనామా చేసినా ఏమవుతుందన్న పాఠం దగ్గరికి వచ్చేసరికి, మా డిగ్రీ క్లాసులో ప్రతి ఏడూ ఇవే మాటలు వినిపిస్తాయి. ఇప్పటిదాకా అక్కడ తొమ్మిది మంది ఉపాధ్యక్షులు ఇలా అధ్యక్షులయ్యారు.

అపోహ: మన దగ్గరలాగే, మళ్లీ ఎన్నిక జరిగేదాకా తాత్కాలికంగా ఉంటారు.

వాస్తవం: 1969లో జాకిర్ హుస్సేన్ మరణించాక వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. మన రాజ్యాంగం ప్రకారం ఆరు నెలల్లో ఎన్నిక జరగాలి. అమెరికాలో మిగిలిన పదవీకాలమంతా వచ్చినవారిదే. 1945లో రూజ్‌వెల్ట్ మరణంతో అధ్యక్షుడైన ట్రూమన్‌కి అలా దాదాపు నాలుగేళ్లు దక్కాయి.

అపోహ: పక్కనే ఉంటారు కాబట్టి ఉపాధ్యక్షుడికి అన్నీ తెలిసే ఉంటాయి.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా 1945 ఏప్రిల్ 12 సాయంత్రం గురించి చెబుతాను. ట్రూమన్ ఉపాధ్యక్షుడై అప్పటికి 82 రోజులే. వైట్‌హౌస్‌కి రమ్మని కబురొచ్చింది. రూజ్‌వెల్ట్ పోయారని ఆయన భార్య ఎలినార్ చెబితే, మీకు నేనేమైనా చేయగలనా అని అడిగారు ట్రూమన్. మీకు మేమేం చేయగలం, ఇప్పుడు కష్టం మీదే కదా అన్నారావిడ. రాత్రి 7 దాటాక ప్రమాణం. కేబినెట్‌తో నాలుగు మాటలు మాట్లాడాక అందరూ వెళ్లిపోతుంటే, యుద్ధ మంత్రి స్టిమ్సన్ ఒక్కరే ఆగి, ఊహకందని శక్తిగల పేలుడు పదార్థం తయారవుతోందని చెవిన వేశారు. అణుబాంబు పూర్తి వివరాలు తెలిసింది ఏప్రిల్ 25న! సెనేటర్‌గా యుద్ధ ఖర్చులపై విచారణ కమిటీ నడిపినప్పుడు, ఇదే ప్రాజెక్టు జోలికి వెళ్లొద్దని స్టిమ్సన్ కోరితే ఆగిన మనిషి ఆయన. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పకపోవడం రూజ్‌వెల్ట్ చేసిన పెద్ద తప్పని నా అభిప్రాయం.

అపోహ: గతం చూస్తే పాలన ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

వాస్తవం: సగమే నిజం. అంతర్యుద్ధంలో సొంత రాష్ట్రం టెనెసీ దేశం నుంచి విడిపోయినా దేశం వైపే నిలబడిన ఆండ్రూ జాన్సన్, లింకన్ తర్వాత గద్దెనెక్కి, విముక్తి పొందిన నల్లజాతివారి హక్కుల బిల్లును 1866లో వీటో చేశారు. చెస్టర్ ఆర్థర్ విషయంలో కథ దీనికి తలకిందులు. న్యూయార్క్ రేవు కస్టమ్స్ కలెక్టర్‌గా ఉన్న ఆయన్ని 1878లో తీసేశారు. పైరవీలతో ఉద్యోగాలు పంచే వర్గం మనిషని పేరు. 1881లో గార్‌ఫీల్డ్ హత్యతో అధ్యక్షుడయ్యారు. 1883లో పరీక్షలు పెట్టి ఉద్యోగాలిచ్చే పెండిల్టన్ చట్టంపై సంతకం పెట్టింది ఆయనే.

అందుకే, కొత్తగా గద్దెనెక్కినవారు తన వాళ్లలో ఎవరికి కాదని చెప్పారో ముందు చూడమంటాను. ఆర్థర్‌ని పైకి తెచ్చిన న్యూయార్క్ నాయకుడు కాంక్లింగ్, అదే కస్టమ్స్ కలెక్టర్ కుర్చీలో ఉన్న తన ప్రత్యర్థిని తీసేయమని పట్టుబట్టారు. ఆర్థర్ ఒప్పుకోలేదు.