ఇల్లు త్వరగా అమ్ముడుపోవాలంటే: నల్లగొండ బేరాల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో పాత ఇళ్ల అమ్మకాలకు మధ్యవర్తిగా వ్యవహరిస్తున్న నాకు కనిపించేదేమిటంటే, ఇల్లు అమ్మదలచినవారు మొదటి ఖర్చు రంగుల మీద పెడతారు, చివరి ఖర్చు కాగితాల మీద పెడతారు. కొనేవారి లెక్క దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. రామగిరిలోనైనా పానగల్లు వైపునైనా, ఇల్లు నచ్చి బయానా దాకా వచ్చిన బేరం తప్పిపోయిందంటే, దానికి కారణం సాధారణంగా దస్తావేజుల్లోని చిక్కో, నీళ్ల మీద అనుమానమో, గోడల చెమ్మో అయి ఉంటుంది.

అపోహ: ఇంటి పన్ను, కరెంటు బిల్లు నా పేరునే వస్తున్నాయి, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) కూడా శుభ్రంగా ఉంది కాబట్టి కాగితాలతో ఇబ్బంది లేదు.

వాస్తవం: పన్ను రసీదులో పేరున్నంత మాత్రాన యాజమాన్య హక్కు రాదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. రిజిస్టర్ చేయని ఒప్పందాలు, పంచుకోని వారసత్వ వాటాలు అందులో కనిపించవు. ఆన్‌లైన్‌లో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి, అంతకు ముందువి కావాలంటే సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. లోను మీద కొనేవారి బ్యాంకు న్యాయవాది లింకు డాక్యుమెంట్లన్నీ (ఇల్లు గతంలో చేతులు మారినప్పటి దస్తావేజులు) అడుగుతారు. అందులో ఒక్కటి తక్కువైనా, దాని నకలు తెప్పించేలోపు కొనేవారి మనసు మరో ఇంటి మీదికి పోతుంది.

మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ బేరాలు ఆగేది తండ్రి పేరున ఉన్న ఇళ్ల విషయంలో. తండ్రి వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, అప్పటికి బతికి ఉంటే ఆయన తల్లికి కూడా సమాన వాటాలు వస్తాయి. నాయనమ్మ వాటా సంగతి చాలామందికి తట్టదు. ఆడబిడ్డకు కట్నం ఇచ్చి పంపాము కాబట్టి ఆమె సంతకం అక్కర్లేదన్న మాట చట్టం ముందు నిలవదు. వారసులందరూ అమ్మకందారులుగా సంతకం చేయాలి, లేదా తమ వాటాను ముందే విడుదల దస్తావేజు ద్వారా రిజిస్టర్ చేసి వదులుకోవాలి. చెల్లెలు అమెరికాలోనో దుబాయిలోనో ఉంటే, అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేసిన జీపీఏ (తన తరఫున సంతకం చేసే అధికారపత్రం) పంపవచ్చు. అయితే అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు రుసుము కట్టించుకోవాలి. వారసుల్లో మైనరు ఉంటే కోర్టు అనుమతి మాట కూడా వస్తుంది. ఈ పనులకు పట్టే కాలం ముందు రంగులు వేసే కాలం ఏపాటిది? కాబట్టి అక్కాచెల్లెళ్లతో మాట్లాడుకోవడం ఇల్లు చూపించడానికి ముందే పూర్తి కావాలి. బయానా తీసుకున్నాక మాట్లాడితే ఆ సంభాషణ వేరే స్వరంలో నడుస్తుంది.

బ్యాంకు అప్పు తీరిపోయిందని నోటితో చెబితే సరిపోదు. తనఖా ఈసీలో నమోదై ఉంటే, అది విడుదలైనట్టు కూడా నమోదు చేయించుకోవాలి. అప్పు పూర్తిగా తీర్చిన 30 రోజుల్లోపు బ్యాంకులు అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఇల్లున్న సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో కూడా ముందే చూసుకోవాలి. అనుమతి లేని లేఅవుట్‌లోని ప్లాటులో కట్టిన ఇల్లయితే, 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్‌కు పెట్టుకున్న దరఖాస్తు ఏ దశలో ఉందో చూపించగలగాలి. పాత ఊళ్లలో గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇళ్లకు దస్తావేజే లేకపోవచ్చు. ఆ మాట మొదటి రోజే చెబితే లోను అవసరం లేని కొనుగోలుదారును వెతుక్కోవచ్చు.

అపోహ: రంగులు వేయించి, మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తే ఆ ఖర్చుకు రెట్టింపు ధర వస్తుంది.

వాస్తవం: కొనేవారు మేస్త్రీని వెంట తీసుకొని వస్తారు. గోడ కింది భాగంలో మాత్రమే కొత్త లప్పం, కొత్త రంగు కనిపిస్తే ఆయన ముందుగా అక్కడే తట్టి చూస్తాడు. డాబా మీద నీళ్లు పోయే గొట్టం పూడిపోవడం, స్లాబు పిట్టగోడను కలిసేచోట పగులు, స్నానాలగదిలో గొట్టం కారడం వంటి మూలాన్ని ముందు సరిచేసి, గోడ పూర్తిగా ఆరిన తర్వాతే రంగు వేయాలి. ఉరుస్తున్న స్లాబును దాచి అమ్మితే వచ్చే తగవు రిజిస్ట్రేషన్‌తో ముగియదు. మాడ్యులర్ కిచెన్‌ను కొత్తవారు తమ అభిరుచికి తగ్గట్టు ఎలాగూ మార్చుకుంటారు. ఆ డబ్బులో కొద్ది భాగంతో కారే నల్లాలు, పట్టేసే తలుపులు బాగు చేయించి, బోరు నీటి ఉప్పు వల్ల టైల్స్ మీద పేరుకున్న తెల్లటి పొరను గీకించి, పాత షాబాదు బండలను పాలిష్ పట్టిస్తే ఇల్లు చూపులకు చాలా మారుతుంది.

అపోహ: బోరు ఉందని చెబితే నీళ్ల గురించి ఇంకేమీ అడగరు.

వాస్తవం: ఫ్లోరైడు బాధ ఎరిగిన జిల్లా ఇది, కాబట్టి అడుగుతారు. కృష్ణా నీరు నల్లాకు వస్తోందా, ఎన్ని రోజులకొకసారి వస్తోంది, సంపు ఎంత పెద్దది, మే నెలలో బోరు ఎంతసేపు పోస్తుంది అన్న ప్రశ్నలకు జవాబులు సిద్ధంగా ఉండాలి. బోరు నీటిని పరీక్ష చేయించి ఫలితం చేతిలో పెట్టుకోవడం మంచిది. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు వరకు ఉండవచ్చు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. మరిగిస్తే పోతుందని కొనేవారికి నచ్చజెప్పే అమ్మకందారులు ఇంకా ఉన్నారు. మరిగితే నీరు తగ్గి ఫ్లోరైడు గాఢత పెరుగుతుందే తప్ప తగ్గదు.

అపోహ: దస్తావేజులో తక్కువ విలువ రాసి, మిగతాది నగదుగా తీసుకుంటే ఇద్దరికీ లాభమే.

వాస్తవం: 2021 జులై నుంచి ఈ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం అయింది కాబట్టి కొనేవారికి ఆ ఆశ కలగడం సహజమే. కానీ స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు, అదీ తీసుకున్నవారి మీదనే. పైగా దస్తావేజు విలువ తగ్గితే కొనేవారికి బ్యాంకు ఇచ్చే లోను కూడా తగ్గుతుంది.

అపోహ: వాస్తు సరిచేయించనిదే ఇల్లు పోదు, ఆషాఢంలో ఎవరూ రారు.

వాస్తవం: కొనేవారు తమ సిద్ధాంతినే తెచ్చుకుంటారు, ఒక సిద్ధాంతి మార్పించింది మరొకరికి నచ్చకపోవచ్చు. ఆషాఢంలో బయానా ఇవ్వడానికి వెనుకాడేవారు కూడా ఇల్లు చూడటానికి మాత్రం వస్తారు, వానలో ఉరవని ఇంటిని కళ్లారా చూస్తే శ్రావణంలో మాట ఖాయం చేస్తారు.

అపోహ: కిరాయిదారు ఉంటే ఇల్లు కళగా ఉంటుంది, రిజిస్ట్రేషన్ అయ్యాక ఖాళీ చేయించవచ్చు.

వాస్తవం: సొంతంగా ఉండటానికి కొనేవారు ఈ మాటకు భయపడతారు. కిరాయిదారుకు ముందే చెప్పి, ఖాళీ చేసే తేదీని రాతపూర్వకంగా తీసుకొని, ఆయన అడ్వాన్సు ఎవరు తిరిగి ఇవ్వాలో అమ్మకం ఒప్పందంలోనే రాయించుకోవాలి; అంతవరకు ఇల్లు చూపించే వేళలు కూడా ఆ కుటుంబాన్ని అడిగే నిర్ణయించాలి.