ఒకే లేఅవుట్ మళ్ళీ వేస్తే కాపీ అవుతుందా? స్క్రాప్‌బుక్ అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం విశాఖ ఎం.వి.పి. కాలనీలో నా స్క్రాప్‌బుక్ క్లాసు అయ్యాక ఒకావిడ బ్యాగులోంచి ఆల్బమ్ తీసి చూపించారు. బాబు మొదటి ఏడాదిది. ఇంటికొచ్చిన రోజు, బారసాల, నవ్వితే పంచిన నువ్వుండలు, బోర్లా పడితే పంచిన బొబ్బట్లు... నాలుగు పేజీలూ ముచ్చటగా ఉన్నాయి. ఆ తర్వాత అన్నీ ఖాళీ. "కొత్త డిజైన్ తోచడం లేదు మేడమ్. వేసిందే మళ్ళీ వేస్తే బాగోదు కదా" అన్నారు. బాబు ఇప్పుడు యూకేజీ. పాపం, ఆవిడ టెన్షన్ నాకు అర్థమైంది. ఈ మాట వినని బ్యాచ్ నాకు ఒక్కటీ లేదు.

అపోహ: నచ్చిన లేఅవుట్ (పేజీలో ఫొటోల అమరిక) మళ్ళీ వాడితే కాపీ కొట్టినట్టే.

వాస్తవం: ముమ్మాటికీ కాదు. ఎవరు పెట్టారో ఈ రూలు! ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గు చూడండి. 15 చుక్కలు, 8 వరకు సందు చుక్క. వాటి మీదే ఒకరోజు తామరలు, ఇంకోరోజు చిలకలు. చుక్కలు నిన్నటివే అని ఎవరైనా అంటారా?

నా చేతికి బాగా అలవాటైన లేఅవుట్ ఒకటుంది. 12 అంగుళాల చదరపు పేజీలో ఎడమ పక్కన 3 అంగుళాల చదరపు ఫొటోలు మూడు, పావు అంగుళం సందుతో ఒకదాని కింద ఒకటి. కుడి పక్కన నిలువుగా ఒక 4×6 ఫొటో, దాని కింద టైటిల్, రెండు లైన్ల జర్నలింగ్, అంటే ఫొటో గురించి మన మాటలు. అరకు ట్రిప్పుకి ఇలాగే వేశాను. దీన్నే అడ్డం తిప్పితే మూడు ఫొటోలూ పై వరుసలోకి వెళ్తాయి, కింద 4×6 అడ్డంగా వస్తుంది. రుషికొండ బీచ్‌కి అదే పెట్టాను, సముద్రం అడ్డంగానే కదా అందం. కుడి ఎడమలు మార్చి ఎదురు పేజీలో పెడితే రెండూ జంటగా కుదురుతాయి. సింహాచలం చందనోత్సవం రోజు మేం దిగింది ఒక్క ఫొటోనే. అందుకని మూడు గళ్ళలో దర్శనం టికెట్టు, గంధం రంగు పేపరు, అమ్మ చేతిరాతలో రెండు ముక్కలు పెట్టాను. (టికెట్టు థర్మల్ పేపరైతే అక్షరాలు వెలిసిపోతాయి, జిరాక్స్ తీసి అంటించండి.)

రంగు, టైటిల్ అక్షరాలు, మూలన పువ్వు కూడా అవే ఉంచేస్తే మాత్రం విసుగొస్తుంది. వాటిలో కనీసం రెండు మార్చండి చాలు.

ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. మంచి డిజైన్ దొరికాక అంటిద్దామని మా నాన్నమ్మ ఫొటోలు అట్టపెట్టెలో సర్ది మంచం కింద పెట్టాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కిటికీ అద్దాలు పగిలి గదంతా నీళ్ళు. మూడో రోజు పెట్టె తెరిస్తే ఫొటోలన్నీ ఒకే ముద్ద. లాగితే నాన్నమ్మ మొహం పై ఫొటో వెనక్కి అంటుకుని ఊడొచ్చింది. శుభ్రమైన నీళ్ళలో నానబెట్టి నెమ్మదిగా విడదీయాలని అప్పుడు తెలియలేదు. బీరువా పై అరలో ఉన్న ఆల్బమ్ ఒక్కటే మిగిలింది. నేర్చుకునే రోజుల్లో చేసింది, పదకొండు పేజీలూ ఒకటే డిజైన్.

అపోహ: ఖరీదైన సామాను ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. కార్డ్‌స్టాక్ (మందపాటి పేపరు), జిగురు యాసిడ్-ఫ్రీవి, అంటే ఫొటోల్ని పాడుచేసే ఆమ్లం లేనివి అయితే చాలు. సెల్లో టేపు మాత్రం వద్దు. పచ్చబడి, జిగురు ఓడుతుంది, మన సముద్రపు తేమకి మరీను. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు.

అపోహ: తేదీల వరుస తప్పకూడదు.

వాస్తవం: ఏ ఫొటో చేతికొస్తే దానితో మొదలుపెట్టండి. పేజీ వెనక తేదీ రాసుకుంటే తర్వాత సర్దుకోవచ్చు.

ఆవిడ ఆ రోజు అక్కడే కూర్చుని, తన రెండో పేజీ లేఅవుట్‌నే కుడి ఎడమలు మార్చి అన్నప్రాసన పేజీ చేశారు. చిన్న గళ్ళలో పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు. పెద్ద ఫొటోలో బాబు పెన్ను వైపు చెయ్యి చాపుతున్నాడు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది.