ఫీజిబుల్ అన్నారంటే లైన్ వచ్చినట్టేనా? లీజ్డ్ లైన్ అపోహలు, వాస్తవాలు

"ఒకటో తారీకు నుంచి కొత్త ఆఫీసులోనే అండీ. లైన్ ఫీజిబుల్ అని మెయిల్ వచ్చేసింది, పాతది సరెండర్ చేసేశాం." లీజ్డ్ లైన్ అంటే ఒక ఆఫీసుకే విడిగా ఇచ్చే నెట్ లైన్. అవి పెట్టించే పనిలో ఉన్నాను కాబట్టి, ఇలాంటి ఫోన్ వచ్చిందంటే ఆ నెల నాకూ నిద్ర ఉండదు.

అపోహ: ఫీజిబిలిటీ (మీ దగ్గరికి లైన్ ఇవ్వడం వీలవుతుందన్న మాట) ఓకే అయితే లైన్ వచ్చినట్టే.

వాస్తవం: కాదు. ఆ మెయిల్ చెప్పేది ఒక్కటే, కంపెనీ మ్యాపులో మీ బిల్డింగుకి దగ్గర్లో వాళ్ల ఫైబర్ కనబడిందని. ఆ మాట చెప్పినాయన మీ వీధి మొహం కూడా చూసి ఉండకపోవచ్చు. దాన్ని నమ్మి పాత లైన్ వదులుకోవడమంటే పెళ్లిచూపులు అవగానే మండపానికి అడ్వాన్సు కట్టేయడమే.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. సర్వే వాళ్లు రావాలి. దగ్గర్లోని ఛాంబర్ (రోడ్డు కింద ఫైబర్ ఉండే గుంత) నుంచి మీ గేటు దాకా తవ్వాలా, స్తంభాల మీదుగా లాగాలా తేల్చాలి. తవ్వాలంటే మున్సిపాలిటీ పర్మిషన్ కావాలి, వానాకాలంలో రోడ్డు కటింగ్‌కి చాలాచోట్ల అది దొరకదు. ఫైబర్ వచ్చాక కంపెనీ వైపు పోర్టు ఇవ్వాలి, ఐపీలు (నెట్‌లో మీ ఆఫీసు అడ్రసులు) కేటాయించాలి, టెస్టింగ్ చేయాలి. ఈలోపు కొత్త అడ్రసు మీద రెంటల్ అగ్రిమెంటు లేదనో, జీఎస్టీలో పాత అడ్రసే ఉందనో ఫైలు వెనక్కి వస్తుంది. సేల్స్ కుర్రాడు చెప్పిన పదిహేను రోజులు మీరు పీఓ (పర్చేజ్ ఆర్డర్) ఇచ్చిన రోజు నుంచి కాదు. కాగితాలన్నీ సరిగ్గా ఉండి, ర్యాకు, యూపీఎస్ పవర్, ఎర్తింగ్ రెడీ అన్నాకే ఆ లెక్క మొదలవుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది బిల్డింగ్ ఓనర్‌ని. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి ఫైబర్ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. మెట్ల పక్క షాఫ్ట్‌లోంచి కేబుల్ లాగితే కొత్త పెయింటు పాడవుతుందని ఓనర్ ససేమిరా అన్నాడు. పైన మిషన్లు బిగించేశారు, ఓపెనింగ్ కార్డులు పంచేశారు. ఆ డాక్టరమ్మ కిందా పైకీ తిరుగుతుంటే చూడలేకపోయాం. చివరికి గోడ బయటి నుంచి పైపు వేసుకుంటాం అంటే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందమేదో అగ్రిమెంటు రాసుకునే రోజే ఒక లైను రాయించుకుంటే అయిపోయేది.

కాబట్టి కొత్త లైన్ ఎక్కి, మీ పని దాని మీద కొన్నాళ్లు నడిచేదాకా పాతది సరెండర్ చేయకండి. రెండు బిల్లులు కట్టాల్సి వస్తుంది, కట్టండి. ఇప్పటికే సరెండర్ చేసేసినవాళ్లు కంగారు పడకండి. ఫైబర్ వచ్చేలోపు రేడియో (వైర్‌లెస్) లింకు ఇవ్వగలరేమో కంపెనీని అడగండి, చాలామంది ఇస్తారు. సిమ్ రౌటర్‌తోనూ రోజులు నెట్టొచ్చు. కాకపోతే దానికి సాధారణంగా సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, బయటి నుంచి మీ సర్వర్‌లోకి వచ్చేవాళ్లకి దారి మూసుకుపోతుంది.

అపోహ: వంద ఎంబీపీఎస్ ఎక్కడైనా వందే, బ్రాడ్‌బ్యాండ్ చవక.

ఇంటికొచ్చే ఫైబర్‌లో ఒక జీపాన్ పోర్టుకి, అంటే ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పోర్టుకి, దిగే దారి (డౌన్‌లోడ్) సెకనుకి 2.5 గిగాబిట్లు, ఎక్కే దారి (అప్‌లోడ్) 1.25. దాన్ని 32 లేదా 64 ఇళ్లు పంచుకోవచ్చు. లీజ్డ్ లైన్‌లో మీ వంద మీకే, రెండు వైపులా. పదిమంది బిల్లింగ్ చేసుకునే ఆఫీసుకి ఇది అక్కర్లేదు, నా బేరం పోయినా సరే చెబుతాను. ఇక 99.5 శాతం ఎస్‌ఎల్‌ఏ (లైన్ ఇంతసేపు పనిచేస్తుందని కంపెనీ ఇచ్చే హామీ) అంటే లైన్ అసలు పోదని కాదు. నెలకి 3.6 గంటలు పోయినా వాళ్లు మాట తప్పినట్టు కాదు.

అపోహ: రెండు కంపెనీల లైన్లుంటే బేఫికర్. రెండూ ఒకే స్తంభానికి వేలాడుతున్నాయేమో ఒకసారి వీధిలోకి వెళ్లి తలెత్తి చూడండి.

అపోహ: ప్లగ్గు పట్టిందంటే కేబుల్ సరైనదే.

పాత ఈవన్ లైన్లున్న చోట ఇది ఇప్పటికీ తగులుతుంది. ఈవన్ (E1) అంటే పాతరకం డిజిటల్ లైన్, 2.048 ఎంబీపీఎస్; అందులో 64 కేబీపీఎస్ స్లాట్లు (దారులు) 32. దాని ప్లగ్గు చూడ్డానికి లాన్ ప్లగ్గే, వాడే పిన్నులు మాత్రం 1, 2, 4, 5. లాన్‌వి 1, 2, 3, 6. ఒక బ్యాంకు బ్రాంచిలో లైన్ వాళ్లు "మా వైపు క్లియర్" అంటారు, రౌటర్ వాళ్లు "మా డబ్బా బాగానే ఉంది" అంటారు, మేనేజర్‌గారేమో క్యూలో ఉన్నవాళ్లకి సర్దిచెప్పలేక తల పట్టుకున్నారు. చిన్న వైరు ముక్క తీసి ఒకే ప్లగ్గులో 1ని 4కి, 2ని 5కి కలిపి క్రింప్ చేశాను. ముందు లైన్ వైపు పెట్టి, నాక్‌లో (లైన్ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో) ఉన్నాయనతో మాట్లాడితే తన సిగ్నల్ తనకే శుభ్రంగా తిరిగొస్తోందన్నాడు. అదే ప్లగ్గు రౌటర్‌లో పెడితే పోర్టు పచ్చగా వెలిగింది. ఇద్దరూ నిజమే చెప్పారన్నమాట! మధ్యలో ఉన్నది లాన్ క్రాస్ కేబుల్. అది 1ని 3తో, 2ని 6తో మారుస్తుంది, ఈవన్‌కి అది పనికిరాదు. నేరు (స్ట్రెయిట్) కేబుల్ పెట్టగానే లింకు లేచింది. అలాంటి లూప్ ప్లగ్గు ఒకటి మీ ర్యాకుకి టేపుతో అంటించి ఉంచుకోండి.

అపోహ: పీఆర్ఐ (ఆఫీసుకి ఒకేసారి చాలా కాల్స్ మోసే ఫోన్ లైన్) వేరే కంపెనీకి మార్చుకున్నా నంబర్లు అవే ఉంటాయి.

మొబైల్ పోర్టబిలిటీ 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఉంది. ల్యాండ్‌లైన్, పీఆర్ఐ నంబర్లకి అది లేదు. కంపెనీ మారితే నంబర్లూ మారతాయి. బోర్డు పెయింటర్‌కి చెప్పే ముందు పాత నంబరు మీద ఎన్నాళ్లు ఫార్వర్డింగ్ ఉంచుతారో పాత కంపెనీతో రాతపూర్వకంగా తీసుకోండి.