చిక్కుడుతీగ కొలిచే రాత్రి

చిరంజీవి బుజ్జికీ, బుజ్జితో కలిసి వంట మొదలుపెట్టిన స్నేహితురాలికీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో మీరిద్దరూ చిక్కుడుకాయ వంకాయ కూర వండారనీ, కాయలకు ఈనెలు తీస్తుండగా "ఎండాకాలంలో ఇవి బజారులో ఎందుకు కనబడవు?" అన్న సందేహం మీకు వచ్చిందనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. పక్కనున్న వంకాయ ఏడాది పొడుగునా దొరుకుతుంటే చిక్కుడు మాత్రం ఇన్నాళ్ళు మొహం చాటేయడమేమిటని అడగడం సబబే. చలి పడితేనే కాస్తుందని చాలామంది అంటారు గాని, మన నాటు చిక్కుడుతీగ ముఖ్యంగా లెక్క చూసుకునేది రాత్రి పొడవును.

మా చిన్నతనంలో కళ్ళంలో ధాన్యాన్ని కుంచంతో కొలిచేవారు. కొలిచే ఆయన మొదటి కుంచానికి 'ఒకటి' అనకుండా 'లాభం' అని, ఆ తరువాత రెండు, మూడు అంటూ పాటలాగా లెక్కపెడుతుంటే మేము పక్కన చేరి వినేవాళ్ళం; మధ్యలో మాట్లాడితే మాత్రం వీపు మీద చరుపు పడేది. చిక్కుడాకు దగ్గర కూడా అలాంటి కుంచమొకటి ఉందనుకోండి. పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా ఆకు అందులో చీకటిని పోస్తుంది. జూన్ నెలలో విజయవాడలో పగలు 13 గంటలు దాటుతుంది కనుక రాత్రి చిన్నదై కుంచం వెలితిగా ఉండిపోతుంది. డిసెంబరుకు పగలు దాదాపు 11 గంటలకు తగ్గి, రాత్రి రెండు గంటలు పెరుగుతుంది. రాత్రులు అలా పెరుగుతూ వచ్చి కుంచం నిండిన రోజున ఆకు నుంచి కొమ్మ చివరకు కబురు వెళ్ళి, అక్కడ పూతకు మొగ్గ కడుతుంది. నడిరాత్రి ఎవరైనా దీపం పెడితే కుంచం ఒలికినట్టే. ఆకు మళ్ళీ 'లాభం' నుంచి మొదలుపెట్టుకోవాలి. ఆ కుంచం ఆకులో ఏ మూల దాగి ఉందని మీరు అడిగితే నా పోలిక అక్కడితో ఆగిపోతుంది. కళ్ళూ గడియారమూ లేని ఒక ఆకుకు ఇంత లెక్క తెలుసునన్న సంగతి ఈ వయసులోనూ నన్ను ఆశ్చర్యపెడుతూనే ఉంది.

ఇలా మొక్కలు పగలూ రాత్రీ పొడవును బట్టి పూస్తాయని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మొక్కలతో చూపించారు. ఈ లెక్క పట్టని పొట్టి చిక్కుళ్ళను, అర్క జయ్, అర్క విజయ్ వంటి వాటిని, బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసింది. అవి ఇతర కాలాల్లోనూ కాస్తాయి. కోరినదల్లా కోరిన రోజునే విస్తట్లో ఉండాలనే పట్టుదల మంచిది కాదని నేనంటే మీ అమ్మ నవ్వుతుంది గాని, తొలకరికి నాటిన తీగ పశువులపాక మీదికి పాకి, కార్తీకం దాకా ఒట్టి ఆకులతో మమ్మల్ని ఊరించిన తరువాత దక్కిన కాయ రుచి వేరు. రథసప్తమికి చిక్కుడుకాయలతోనే రథం కట్టి, చిక్కుడాకుల్లోనే పరమాన్నం పెట్టడం ఆ వేళకు తీగ నిండుగా ఉంటుంది కాబట్టేనని నా ఊహ.

ఈసారి వండేటప్పుడు ఒకరు చిక్కుడుకాయలకు రెండువైపులా ఈనె లాగి, కత్తితో కోయకుండా చేత్తో తుంచండి. విప్పి చూస్తేనే లోపలి పురుగు బయటపడుతుంది. ఇంకొకరు వంకాయలు తరిగి, నల్లబడకుండా వెంటనే ఉప్పునీళ్ళలో వేయాలి. పోపులో ముందుగా చిక్కుడు వేసి, గింజ మెత్తబడుతుండగా వంకాయ కలపండి, లేకపోతే వంకాయ ముద్దయిపోతుంది. ఇప్పుడే బజారుకు వస్తున్న పండుమిర్చిని అల్లంతో కచ్చాపచ్చాగా దంచి, దించే ముందు వేయండి. తరిగిన వాళ్ళే గిన్నెలు కూడా తోమాలి, స్నేహమన్న తరువాత పని దగ్గర వంతులు తప్పకూడదు.

మీ వీధిలో ఎవరి గోడ మీదనైనా చిక్కుడుతీగ ఉంటే, రాత్రంతా వీధిదీపం వెలుగు పడే కొమ్మలనూ, చీకటిలో ఉండే కొమ్మలనూ వచ్చే కార్తీకంలో ఇద్దరూ వెళ్ళి వారానికొకసారి చూడండి. ఎటువైపు ముందుగా పూత వచ్చిందో తేదీ వేసి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య