9.8 రాకపోతే దిద్దకండి

చిరంజీవులకు ఆశీస్సులు.

దారానికి గుండు కట్టి ఊపే లఘులోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం, అంటే కింద పడే వస్తువు వేగం సెకనుకు ఎన్ని మీటర్లు/సెకను చొప్పున పెరుగుతుందో చెప్పే అంకె, 9.8 రావాలని మీకు ముందే తెలుసు. అది రాకపోతే జవాబు నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు నింపేసి, రికార్డు మీద సంతకం పెట్టించుకోవడం చాలామందికి అలవాటు. ఆ పని వద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

మీటరు పొడవున్న లోలకం 20 డోలనాలకు (ఒకసారి అటూ ఇటూ ఊగి తిరిగి వస్తే ఒక డోలనం) సుమారు 40 సెకన్లు తీసుకుంటుంది. మీకు 38.1 వచ్చిందనుకోండి. లెక్క వేస్తే దాదాపు 10.9 తేలుతుంది. తప్పే, కానీ ఎక్కడ తప్పారో ఆ అంకెలోనే ఉంది. తగ్గిన 2 సెకన్లు సరిగ్గా ఒక డోలన కాలం. అంటే స్టాప్‌వాచ్ నొక్కిన క్షణాన ‘సున్నా’ అనకుండా ‘ఒకటి’ అన్నారు, 19 డోలనాలనే 20 అనుకున్నారు. అదే 9.7 వస్తే, పొడవును గుండు మధ్యదాకా కాక కొక్కెం దాకానే కొలిచారేమో చూడండి. ఒక సెంటీమీటరు తగ్గితే జవాబులో ఒక శాతం తగ్గుతుంది. 9.8 అని దిద్దేస్తే ఈ రెండూ మీకు ఎప్పటికీ తెలియవు.

రీడింగును చిత్తుకాగితం మీద కాకుండా నేరుగా నోటుబుక్కులో, పెన్నుతో, తేదీ వేసి రాయండి. తప్పనిపిస్తే పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాయండి. వైట్‌నర్ వద్దు, పేజీ చింపడం అసలే వద్దు.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో యాన్ హెండ్రిక్ షోన్ అనే భౌతిక శాస్త్రవేత్త లేని ఫలితాలు చూపిన మోసం బయటపడిందీ ఇలా అంకెల దగ్గరే. నిజమైన కొలతతో గీసిన గ్రాఫులో గీత సన్నగా వణుకుతుంది, ఆ వణుకు రెండోసారి అలాగే రాదు. ఆయన వేర్వేరు ప్రయోగాలవని చూపిన గ్రాఫుల్లో ఆ వణుకు కూడా అచ్చుగుద్దినట్టు ఒకటేనని 2002లో తోటి శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. విచారణ సంఘం అడిగితే నోటుబుక్కులు లేవు. కంప్యూటర్‌లో చోటు చాలక అసలు డేటా చెరిపేశానన్నాడు. 24 ఆరోపణల్లో కనీసం 16 రుజువయ్యాయి. ఈలోగా ఎన్నో ల్యాబుల్లో పరిశోధక విద్యార్థులు ఆ లేని ఫలితాలను రాబట్టాలని నెలల తరబడి అవస్థపడ్డారు. అన్నిటికంటే బాధాకరమైంది అదే.

షోన్ వ్యాసాల సహరచయితలు మోసం చేయలేదని సంఘం తేల్చింది. అయినా వ్యాసం మీద పేరు ఉన్నవాళ్లు ఎంతవరకు సరిచూడాలన్న ప్రశ్నను వదిలిపెట్టలేదు. మీ జట్టులో ఒకరు గుండు వదులుతారు, ఒకరు లెక్కపెడతారు, ఒకరు రాస్తారు. ఎవరు ఏం చేశారో పేజీ మీద ఉండాలి. తర్వాత పనులు మార్చుకుని మళ్లీ కొలవండి. రెండుసార్లు వచ్చిన అంకెలూ పక్కపక్కనే ఉంచండి, తేడా ఉన్నా సరే.

మీ తాతయ్య